ముఖానికి పసుపు వద్దన్న రోజు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది కానీ, మా ఇంట్లో వాళ్లకు ముందు నుంచీ తెలుసు. పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తాను. కూరగాయలామె తాజావని ఒట్టు పెట్టినా కాకరకాయ గిల్లి చూస్తాను. పసుపు కొమ్ము ఎంత మెరిసినా విరిచి లోపలి రంగు చూడందే బాగుందనే మాట నా నోట రాదు. "నిన్ను పోలీసుల పెట్టాల్సింది పిల్లా" అనేది మా అత్త. నేనది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయేదాన్ని.

ఆ అనుమానంతో నేను చేసిన ఒక పని గురించి ఇక్కడ చెబుతున్నాను. దాని వల్ల మా యారాలు బిడ్డను తీసుకుని ఇల్లు విడిచి పోయేదాకా వచ్చింది. యారాలంటే మా మరిది భార్య. తోటికోడలిని మా వైపు అట్లా అంటాం.

మాది ఆర్మూర్‌లో మార్కెట్ యార్డు వెనక సందు. ఊరి బయట మూడెకరాల పసుపు, రెండెకరాల మక్కజొన్న. ఇంట్లో అత్త, మా ఆయన, నేను, యారాలు, ఆమె తొమ్మిదేళ్ల బిడ్డ. నా పిల్లలిద్దరూ హాస్టళ్లలో ఉంటారు. మరిది దుబాయిలో. పన్నెండేళ్ల నుంచి రెండేళ్లకోసారి వస్తాడు, నలభై రోజులు ఉంటాడు, పోతాడు. మా సందులో సగం ఇళ్లు అట్లాగే నడుస్తాయి. అందుకే భర్త దుబాయిలో ఉన్న ఆడదాని మీద నాలుగు కళ్లు ఎప్పుడూ ఉంటాయి. మా ఇంట్లో ఆ నాలుగింటిలో రెండు నావి.

యారాలు మంచి పనిమంతురాలు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. కుట్టు ఒక్క పిసరు అటూ ఇటూ పోనివ్వదు. మనిషి చామనఛాయ, పెద్ద కళ్లు, ఒత్తు జుట్టు. ముక్కు మాత్రం వెడల్పు, మొన గుండ్రంగా, లావుగా ఉండేది. పెళ్లయి వచ్చిన వారానికే మా అత్త "చిన్నకోడలు ముక్కు మీద బోండా పెట్టుకొని వచ్చింది" అన్నది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అది ఇంటి పిలుపైపోయింది. మరిది ఫోన్లో "ఏమే బోండా" అనే మొదలుపెట్టేవాడు. నేనూ అనేదాన్ని. ముద్దుగానే అన్నామని ఇప్పటికీ అంటాను. ఆమెను అడిగితే ఏమంటుందో తెలియదు, మేం ఎప్పుడూ అడగలేదు.

మొన్నటి మాఘంలో ఆమె ముప్కాల్‌లో తల్లి దగ్గరికి పోయి వస్తానన్నది. తల్లికి మోకాళ్ల నొప్పులట. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసిన రోజులవి. ఇంకో వారంలో ఎండిన కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము తిరగాలి. పని నెత్తి మీద పెట్టుకుని పుట్టింటికి పోతానంటే నాకు ఒళ్లు మండింది. "నీ తల్లి మోకాళ్లకు కూడ పసుపు కాలమే దొరికిందా?" అన్నాను. ఆమె బిడ్డను మా దగ్గర వదిలి పోయి, పది రోజులు ఉండి వచ్చింది.

వచ్చినప్పటి నుంచి ముఖానికి మాస్కు, దాని మీద స్కార్ఫు. ఆ కాలంలో అది వింత కాదు. పాలిష్ డ్రమ్ము తిరుగుతుంటే లేచే దుమ్ము గోడలకు, దండెం మీది బట్టలకు, అన్నం గిన్నె మూతలకు పడుతుంది. ఆడవాళ్లందరం ముఖాలకు గుడ్డ కట్టుకునే తిరుగుతాం. ఆమె కళ్ల కింద పచ్చగా కనిపించింది. "ముఖం మంచిగ కడుక్కోరాదే" అన్నాను. "కడిగిన అక్కా" అన్నది. మర్నాడూ అంతే పచ్చగా ఉంది. కమిలిన చర్మం మానేటప్పుడు ఆ రంగుకు వస్తుందని ఎవరికి తోస్తుంది? మా ఇంట్లో ఆ నెలలో కుక్క కూడా పచ్చగానే ఉంటుంది.

కానీ నా కన్ను ఊరుకోదు కదా. అందరి కంటే ముందే అన్నం పళ్లెం తీసుకుని గదిలోకి పోయి తింటోంది. బిడ్డ మెడకు వేలాడబోతే ముఖం వెనక్కి లాక్కుంటోంది. ఒకరోజు దేవుడి గూట్లో కుంకుమ డబ్బా తీస్తే అందులో ఆమె ముక్కుపుడక కనిపించింది. పెళ్లినాటి ముక్కుపుడక, ఏనాడూ తీయనిది. డబ్బా మూసి అక్కడే పెట్టాను. నోరు మాత్రం విప్పలేదు. అనుమానం ఉన్నవాళ్లు వెంటనే అడగరు, కూడబెడతారు.

తర్వాతి వారం సందు చివరి ఇంట్లో పెళ్లి. పెళ్లిపిల్లను చేసే రోజు ముత్తైదువలందరికీ ముందు పసుపు పెట్టాలి. కాళ్లకు, చెంపలకు, మెడలోని పుస్తెలకు. ఆ పని ఎప్పుడూ నాకే అప్పజెబుతారు. మా పొలం పసుపే దంచి, తడిపి, పళ్లెంలో పట్టుకుని వరసగా పెడుతూ వస్తున్నాను. యారాలు మాస్కు తీసి కొంగు ముక్కు దాకా కప్పుకుని ఓ మూల కూర్చుంది. కాళ్లకు పెట్టాను, ఊరుకుంది. పుస్తెలకు పెట్టాను, ఊరుకుంది. చెంపల దగ్గరికి వచ్చేసరికి "ముఖానికి వద్దక్కా" అన్నది.

పెళ్లి ఇంట్లో ముత్తైదువ నోట వచ్చే మాటేనా అది! సిగ్గు పడుతోందేమో అని నవ్వుతూ కొంగు కిందికి చేయి పోనిచ్చాను. రెండు చెంపలూ కలిపి గట్టిగా రుద్దడం నా అలవాటు. ఆమె కెవ్వుమని అరిచి నా చేతిని విసిరికొట్టింది. పళ్లెం బోర్లా పడింది. తడి పసుపు చాప మీద, పక్కామె పట్టుచీర మీద పడింది. పాట పాడుతున్న వాళ్లు ఆపేశారు. యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది.

"మొగడు దుబాయిల ఉంటే ముఖం మీది పసుపు గిట్ల కొట్టేస్తరా ఎవలన్న?" అన్నది ఒక ముసలామె. మిగతావాళ్లు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. మా అత్త ఇంటికి వస్తూనే దుబాయికి ఫోన్ చేయించింది. "నువ్వు మంచిగున్నవా కొడుకా? నిజం చెప్పు, మంచిగున్నవా?" అని నాలుగుసార్లు అడిగింది. ఆయన నవ్వి, బాగానే ఉన్నానన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నాకు యారాలి మీద కోపం తన్నుకొచ్చింది. మనిషికి ఏమీ కాలేదు, అంటే ఈమే మనిషిని వద్దనుకుంది. నా లెక్క అట్లా తేలింది.

రెండు రోజుల తర్వాత ఆమె స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్ మోగింది. పేరు లేదు, నంబరే. ఎత్తాను. "మేడమ్, రేపు పదకొండున్నరకు సార్ ఉంటరు, వస్తున్నరు కదా?" అని మగ గొంతు. "ఎవరు మీరు?" అంటే కట్ చేశాడు. నాకు గుండె దడ పట్టుకుంది. నిజం చెప్పాలంటే, అందులో కొంత సంతోషం కూడా ఉంది. ఇన్నాళ్లు కూడబెట్టింది వృథా పోలేదన్న సంతోషం. వెంటనే ఆమె గదిలోకి పోయి, ముప్కాల్‌కు తీసుకుపోయిన సంచి వెతికాను. రెండు బస్సు టికెట్లు దొరికాయి. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి చార్జీ దగ్గర సున్నా ఉంటుంది కానీ, ఎక్కడి నుంచి ఎక్కడికో రాయకుండా ఉండరు కదా. ఒకటి ఆర్మూర్ నుంచి హైదరాబాద్, ఇంకోటి తిరిగి వచ్చింది. తారీఖులు చూస్తే ఆమె ముప్కాల్‌లో ఉన్నానన్న రోజులే.

ఆమెనే అడగవచ్చు. పన్నెండేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం, నా ఇద్దరు పిల్లల అమ్మవారు, జ్వరాలు ఆమె చేతుల మీదుగానే పోయాయి. అడిగి ఉంటే చెప్పేదేమో. నేను అడగలేదు. సాయంత్రం పెరట్లోకి పోయి మరిదికి వాయిస్ మెసేజ్ పెట్టాను.

"తమ్మీ, మంచిగున్నవా. ఒక ముచ్చట చెప్తున్న, ఏమనుకోకు. నీ పెండ్లాం ముప్కాల్ పోతున్న అని చెప్పి హైదరాబాద్ పోయింది. ముక్కుపుడక తీసి డబ్బల పెట్టింది. పెండ్లిల ముఖానికి పసుపు వద్దన్నది. మొగోళ్ల ఫోన్లు వస్తున్నయి. నాకైతే మంచిగ అనిపిస్తలేదు. జర అరుసుకో. నేను చెప్పిన్నని అనకు."

చివరి మాట ఎందుకన్నానో చూడండి. తప్పు లేని పని అయితే ఆ మాట ఎందుకు?

మర్నాడు పొద్దున్నే యారాలు స్కార్ఫు కట్టుకుని తయారైంది. "ముప్కాల్ పోయొస్త అక్కా, పొద్దుమూకేసరికి వస్త" అన్నది. "నేను గూడ వస్త, మీ అమ్మను చూసినట్టుంటది" అన్నాను, ఆమె కళ్లలోకే చూస్తూ. దొరికిపోయిందనుకున్నాను. ఆమె చెప్పులేసుకుంది. "నేను ముప్కాల్ పోతలేనక్కా. హైదరాబాద్ పోతున్న. రా మరి" అన్నది. ఇంతకంటే ధైర్యం ఉంటుందా అని నాకింకా మండింది.

ఊరు దాటి ఐదు కిలోమీటర్లు పోయామో లేదో కండక్టరమ్మ వచ్చింది. ఉచిత టికెట్ కావాలంటే ఆధార్ కార్డు చూపించాలి. నాది చూసి టికెట్ కొట్టింది. యారాలి కార్డు పట్టుకుని ఫొటో వైపు, స్కార్ఫు వైపు చూసింది.

"జర మాస్కు తియ్యమ్మా."

యారాలు నా వైపు ఒకసారి చూసి స్కార్ఫు విప్పింది, మాస్కు కిందికి లాగింది.

ముక్కు మీద చర్మం రంగు టేపు అడ్డంగా అంటించి ఉంది. టేపు చుట్టూ వాపు. ఆ వాపులోనూ తెలుస్తోంది, నేను పన్నెండేళ్లుగా చూసిన ముక్కు అక్కడ లేదు. సన్నగా, కొసదేరి, వేరే ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది.

"ఫొటో మస్తు పాతదున్నట్టుందమ్మా?" అన్నది కండక్టరమ్మ.

"ముక్కు ఆపరేషన్ చేయించుకున్న మేడమ్."

"దెబ్బ తాకిందా?"

"లేదు. నచ్చక చేయించుకున్న."

కండక్టరమ్మ ఇంకోసారి చూసింది. "మంచిగనే ఉన్నది" అని టికెట్ చింపి ఇచ్చి వెనక సీట్లకు పోయింది. ఆమెకు అది రెండు నిమిషాల పని. నేను కామారెడ్డి వచ్చేదాకా ఆ ముక్కు మీది నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

"ఎవరి కోసమే?" ఇది నేనడిగిన మొదటి ప్రశ్న. నొప్పిగా ఉందా అని అడగలేదు.

"ఎవరి కోసం ఏందక్కా?"

"మరి ఎందుకు? ఎవడో ఏదో అనకుంటనే కోయించుకున్నవా?"

"నా కోసమే."

నేను నమ్మలేదు. తన కోసం అని ఎవరైనా మత్తుమందు తీసుకుని ముక్కు ఎముక విరగ్గొట్టించుకుంటారా? మగవాడు ఉన్నాడంటే నాకు అర్థమయ్యేది. మొగుడు వెక్కిరించాడంటే అర్థమయ్యేది. మా మీద కోపమన్నా బాగుండేది, కనీసం తిట్టించుకునేదాన్ని. "మేం బోండా అన్నందుకా?" అని అడిగాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "మీరన్నది మీరన్నరు. నేను అద్దం ముంగట నిలబడ్డప్పుడు మీరెవ్వరు ఉండరు గదక్కా. చిన్నప్పటి సంది నాకే నచ్చలే. బ్లౌజులు కుట్టి జమ చేసుకున్న పైసలు నావి. ఒకళ్లను అడగలే."

"దేవుడిచ్చిన ముఖమే అది!"

"నీ తలకు తెల్ల వెంట్రుకలు కూడ దేవుడే ఇచ్చిండు. పదిహేను దినాలకోసారి నల్లరంగు ఏస్తవ్. ఏసినంక రెండు దినాలు కండ్లు వాస్తయి నీకు. నేనేమన్న అన్ననా?"

"రంగు వేరు, కత్తి వేరు!"

"పసుపు ఉడికినంక ఎట్లుంటది? డ్రమ్ముల ఏసి దాని తోలంత ఊడేదాక తిప్పినంకనే గదా..."

"పసుపుకు నొప్పి ఉంటదానే?" అని అరిచాను. ముందు సీట్లోని వాళ్లు తిరిగి చూశారు. ఆమెకు నవ్వు వచ్చింది కానీ, నవ్వితే ముక్కు లాగుతుందేమో, అరచేయి పెదాలకు అడ్డం పెట్టుకుని ఆపుకుంది. నాకూ నవ్వు రాబోయింది. సరిగ్గా అప్పుడు అన్నది.

"ఆయనకు తెల్వదక్కా. గిప్పుడు చూస్తే వాపుతోని భయపడతడు, అడగకుంట చేసిన్నని లొల్లి పెడతడు. దసరాకు వస్తడు గదా. గప్పటికి అంత సాఫ్ అయితది. నేనే చెప్త. గప్పటిదాక నువ్వు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

నా సంచిలో ఫోన్ ఉంది. "నేనెందుకు చెప్తనే" అన్నాను. అప్పుడే చెప్పేయవలసింది. నిన్ననే చెప్పేశాను, కొంప మునిగింది, ఇద్దరం కలిసి ఇప్పుడే ఫోన్ చేద్దాం అని ఆ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

దవాఖాన మెట్ల దగ్గర ఆమె ముందు నడుస్తుంటే నేను వెనక నిలబడి ఫోన్ తీశాను. మెసేజ్ కింది రెండు గీతలూ నీలం అయ్యాయి. విన్నాడు. దుబాయి నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. మెసేజ్ నొక్కి పట్టి డిలీట్ చేశాను, అందరికీ పోయేటట్టు. అది పోతే నేనన్న మాట కూడా పోతుందన్నట్టు! తర్వాత ఫోన్ మోత రాకుండా చేసి సంచి అడుగున పెట్టాను.

ఆ దవాఖానలో నాకు ఏదీ నచ్చలేదు. మందుల వాసన లేదు, అగరొత్తుల వాసన. గోడ నిండా ముఖాల ఫొటోలు, ముందు, తర్వాత. ముందు ఫొటోల్లో అందరూ ఏడుపు ముఖాలతో చీకట్లో ఉన్నారు, తర్వాత ఫొటోల్లో నవ్వుతూ వెలుగులో ఉన్నారు. ఇది ఏ కొమ్ము విరవకుండానే తెలిసిపోయే మోసం. డాక్టరు చిన్న వయసు మనిషి. "ఏమన్న అయితే ఎవరు చూసుకుంటరు?" అని అడిగాను. అన్ని వివరాలూ చెప్పి సంతకం తీసుకున్నామన్నాడు. "ఆ కాగితం నాకు చూపియ్యండ్రి" అన్నాను. యారాలు తల వంచుకుంది. ఆయన ఓపికగా చూపించాడు. ఇంగ్లీషులో ఉంది. చదివినట్టు చూసి ఇచ్చేశాను.

టేపు తీసి చేతికి అద్దం ఇచ్చారు. ఆమె మురిసిపోతుందని, సినిమా తారలా తల తిప్పుకుంటుందని చూశాను. అదేమీ లేదు. కుట్టడం అయిపోయిన బ్లౌజు వెలుతురుకు పట్టి కుట్టు చూసుకుంటుంది చూడండి, అట్లా నిదానంగా చూసింది. అటు, ఇటు. తర్వాత అద్దం ఇచ్చేసి "మంచిగ కుదిరింది సార్" అన్నది. అంతే.

బయట కూర్చుంటే ముందు టేబుల్ దగ్గరి అమ్మాయి నన్ను చూసి, "మేడమ్, మీరు కూడా చూపించుకుంటారా? కళ్ల కింద సంచులకు మంచి ట్రీట్‌మెంట్ ఉంది" అన్నది. "నా సంచులతోని నీకేం పని?" అని కసిరాను. కసిరి, చేతులు కడుక్కునే గదిలోకి పోయి, తలుపు వేసుకుని, అద్దంలో కళ్ల కింద వేలుతో లాగి చూసుకున్నాను. అక్కడ ఎంతసేపు ఉన్నానో మాత్రం రాయను.

తిరుగు బస్సులో ఆమె నా భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. ఇన్ని రోజులుగా వెల్లకిలానే పడుకోవాలట, సరిగా నిద్ర లేదట. ఒడిలోని సంచిలో ఫోన్ మోత లేకపోయినా వణుకుతూనే ఉంది. ఒకసారి ఆమె కళ్లు తెరిచి, "ఎవలో చేస్తున్నరక్కా, చూడు" అన్నది. "కంపెనీ ఫోన్లే, పడుకో" అన్నాను.

ఆర్మూర్ బస్టాండులో మా ఆయన బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం నల్లబడిపోయింది. యారాలితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాతో "ఇంటికి నడువుండ్రి, అందరు కూసున్నరు" అన్నాడు.

వాకిట్లో మా అత్త, ముప్కాల్ నుంచి పిలిపించిన యారాలి అన్న కూర్చున్నారు. అరుగు మీద యారాలి బట్టల పెట్టె సర్ది ఉంది. దాని పక్కన బిడ్డ స్కూల్ బ్యాగు. బిడ్డ మంచం కోళ్ల దగ్గర నిలబడి రెండింటినీ చూస్తోంది. స్టీలు బిందెకు ఆనించి పెట్టిన ఫోన్లో మరిది ముఖం.

"తియ్యి ముఖం మీది బట్ట" అన్నాడు.

ఆమె తీసింది. మా అత్త లేచి దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని చూసింది. "ముక్కేదే?" అన్నది, నిజంగానే వెతుకుతున్నట్టు. ముక్కు ఆపరేషన్ చేయించుకున్నానని యారాలు చెప్పింది.

"ఎవర్ని అడిగి కోయించుకున్నవ్?" అన్నాడు మరిది.

"నా ముక్కు. ఎవర్ని అడగాలె?"

"నాకు గవన్ని తెల్వదు. ముక్కు కోసమే పోయినవో, దేని కోసం పోయినవో ఎవడు చూసిండు? పోరిని తీస్కొని మీ అన్న ఎంబడి ముప్కాల్ పో. నేను వచ్చినంక చూద్దాం."

నేను ముందుకు వచ్చాను. "తమ్మీ, నేను ఎంబడి పోయిన. దవాఖానే. డాక్టర్‌తోని నేనే మాట్లాడిన. ఆ ఫోన్ కూడ దవాఖానోళ్లదే. తప్పేం లేదు" అన్నాను.

"గదేంది వదినా? నిన్న నువ్వే గదా గట్ల చెప్పినవ్?"

"నేనా?" అన్నాను.

ఆ 'నేనా' నా నోట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన నన్ను ఒకసారి చూసి జేబులోంచి తన ఫోన్ తీశాడు. మరిది పొద్దున్నే ఆ మెసేజ్‌ను అన్నకు పంపించాడు. నేను తుడిచేసింది నా దగ్గరిదీ, మరిది దగ్గరిదీ మాత్రమే. మా ఆయన నొక్కాడు. "తమ్మీ, మంచిగున్నవా..." అని నా గొంతు మొదలైంది. నా గొంతు అంత తియ్యగా ఉంటుందని నేనెప్పుడూ ఎరుగను. ముక్కుపుడక, పసుపు, మగవాళ్ల ఫోన్లు, అన్నీ వరసగా వచ్చాయి. "నేను చెప్పిన్నని అనకు" దగ్గర ఆగిపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. తిడుతుందనుకున్నాను, జుట్టు పట్టుకున్నా ఊరుకునేదాన్ని. యారాలు అరవలేదు. నా వైపు తిరిగి, "పోయేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు గంటలు పక్కన కూసున్నవ్ గదక్కా" అన్నది.

ఆమె అన్న మెల్లగా లేచాడు. మాటకారి కాదు ఆయన. "బావా, తీస్కపోతం. మా చెల్లె మాకు బరువేం కాదు. గని ఊర్ల ఏమని చెప్పాలె? ముక్కు మంచిగ చేయించుకున్నదని ఎళ్లగొట్టిండ్రని చెప్పాల్నా?" అన్నాడు. మా అత్త అటూ ఇటూ చూసింది. గోడ మీదుగా పక్కింటి వాళ్ల తలలు కనిపిస్తున్నాయి. ఆమెకు జాలి కలిగిందో, పరువే గుర్తొచ్చిందో చెప్పలేను. నాకు రెండోదే అనిపించింది. పెట్టె తనే ఎత్తి లోపల పెట్టింది. "పోరికి అన్నం పెట్టుపో" అన్నది యారాలితో. మరిది ఫోన్ కట్ చేశాడు.

రెండు వారాలు భార్యతో మాట్లాడలేదు ఆయన. ఆ తర్వాత బిడ్డ కోసమని ఫోన్లు మొదలయ్యాయి. దసరాకు వచ్చాడు. మొదటి రోజు ఆమె ముఖం వైపు చూడనట్టే తిరిగాడు. మూడో రోజుకు చుట్టాల ఇళ్లన్నీ తిప్పాడు, ప్రతి గుమ్మం ముందూ ఆమెను నిలబెట్టి ఫొటోలు తీశాడు. బోండా అనే పిలుపు మాత్రం మా ఇంట్లో ఎవరి నోటా మళ్లీ రాలేదు.

యారాలి కాళ్లు పట్టుకున్నంత పని చేసి క్షమించమని అడిగాను. "పోనియ్యక్కా" అన్నది. ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది, కలిసే వండుతాం, నా బ్లౌజులు ఆమే కుడుతుంది. తన కోసమే చేయించుకున్నానన్న ఆమె మాట నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మలేదు. నమ్మాలనే ఉంది, నా బుద్ధే నమ్మనివ్వదు. కానీ నేను నమ్మితే ఎంత, నమ్మకపోతే ఎంత అని ఈ మధ్యనే అర్థమవుతోంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆమె చీర మార్చుకుని బయటికి పోయింది. ఎక్కడికో చెప్పలేదు, నేనూ అడగలేదు. వరండాలో కూర్చుని బిడ్డకు తల దువ్వుతున్నాను. కూరలోకి కొత్తిమీర లేదని గుర్తొచ్చింది. బజారు వైపు పోయి ఉంటే తెమ్మని ఫోన్ చేద్దామనుకున్నాను.

"మీ అమ్మ ఎటు పోయింది బిడ్డా?" అన్నాను.

ఆ పిల్ల సగం జడతో వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూసింది.

"ఎందుకు పెద్దమ్మా? డాడీకి చెప్తవా?"

కొత్తిమీర కోసమని చెప్పాను. ఒట్టు అని కూడా అన్నాను. సరేనన్నట్టు తల ఊపి మళ్లీ జడ నా చేతికి ఇచ్చింది. ఎటు పోయిందో మాత్రం చెప్పలేదు.